పెట్టె కెమెరా, పెద్దపులి, కలివికోడి

చెరువుగట్టున నిలుచున్న తెల్లకొంగను చేతిలోని చిన్న కెమెరాతో ఫొటో తీసిన పెక్కుమందికి ఒకే అనుభవము కలుగును. తీయునప్పుడు కంటికి కొంగ ఎంతో స్పష్టముగా కనబడినది. దాని ముక్కు, మెడవంపు, నీటిలోని నీడకూడ కనబడినవి. తీరా ఫొటో చూచినచో అంతయు నీరు, అంతయు ఆకాశము, నడుమ సున్నపుబొట్టువంటి ఒక తెల్లని చుక్క! లోపము కెమెరాదేయని విసుగుకొని, వేలకువేలు పోసి పెద్ద కటకము కొననిదే వన్యప్రాణుల జోలికి పోరాదని నిశ్చయించుకొందురు. ఈ నిశ్చయము తొందరపాటుతో కూడినది. వన్యప్రాణుల ఛాయాగ్రహణమున తొలి అరువది ఏండ్లలో జరిగిన ఘనకార్యములు చాలవరకు నేటి విద్యార్థి జేబులోని పరికరముకంటె ఎంతో మొరటైన కెమెరాలతో జరిగినవే. ఆ కెమెరాల వెనుక నిలిచినవారు కొంగను పెద్దది చేయుటకు కటకమును మార్చలేదు. తమకును కొంగకును నడుమనున్న దూరమును మార్చిరి. ఆ దూరమును ఎట్లు తగ్గించిరన్నదే ఈ చరిత్ర.

ముందుగా చిన్న లెక్క యొకటి. కటకముచేత ఏర్పడు ప్రతిబింబపు పరిమాణము, వస్తువు పరిమాణమును కటకపు నాభ్యంతరముచే గుణించి, వస్తువుయొక్క దూరముచే భాగించిన వచ్చును. దూరము నాభ్యంతరముకంటె చాల ఎక్కువైనప్పుడు ఈ లెక్క సరిపోవును. పూర్వపు పెట్టె కెమెరాలో నాభ్యంతరము సుమారు 100 మి.మీ. అనుకొందము. 60 సెం.మీ. ఎత్తుగల కొంగ 30 మీటర్ల దూరములో నున్నచో ఫిల్ముపై దాని ఎత్తు 2 మి.మీ. మాత్రమే. అదే కొంగ 3 మీటర్ల దూరములో నున్నచో 20 మి.మీ. దూరము పదోవంతైనది, బొమ్మ పదింతలైనది. పైసా ఖర్చు లేదు.

కాని ఇందులో రెండు చిక్కులు గలవు. కటకమును ముందుకు వెనుకకు జరుపుటకు వీలులేని సామాన్య కెమెరా రమారమి 3 మీటర్లనుండి అనంతదూరమువరకు గల వస్తువులనే తేటగా చూపును. అంతకంటె దగ్గరిది మసకబారును. రెండవ చిక్కు ఇంకను సూక్ష్మమైనది. చేరువకు పోయినప్పుడు పిట్ట ఒక్కటే పెద్దది కాదు. దాని కదలికకూడ పెద్దదగును. సెకనుకు అరమీటరు చొప్పున నడచు పిట్ట, కెమెరా మూత తెరచియుండు సెకనులో యాభైయవ వంతు కాలములో ఒక సెంటీమీటరు జరుగును. 30 మీటర్ల దూరమున ఈ జరుగుబాటు ఫిల్ముపై కంటికి ఆనదు. 3 మీటర్ల దూరమున అది మూడవవంతు మిల్లీమీటరై, పిట్ట అంచులన్నియు అలికినట్లగును. కనుక దగ్గరకు పోవుట ఒక్కటి చాలదు; జంతువు కదలక నిలిచెడి ఘడియకూడ దొరకవలెను.

ఛాయాగ్రహణము పుట్టిన తొలి దినములలో ఈ రెండవ చిక్కే సర్వమును ఆపివైచెను. 1839లో డాగేర్ పద్ధతి వెల్లడియైనప్పుడు ఒక్క చిత్రమునకు నిమిషములు పట్టెడివి. మనుష్యునినే కుర్చీకి ఆనించి, తలకు వెనుక ఊతము పెట్టి కూర్చుండబెట్టెడివారు. లేడికి ఎవరు ఊతము పెట్టగలరు? వేల్సు దేశమున జాన్ డిల్విన్ లెవెలిన్ అను పెద్దమనిషి 1850 తరువాతి దశాబ్దములో దీనికొక ఉపాయము పన్నెను. గడ్డిగాదము కూర్చి నిలిపిన లేడి బొమ్మను, కొంగ బొమ్మను తన తోటలోని పొదలమధ్య, నీటియొడ్డున నుంచి ఫొటోలు తీసెను. నేడు ఆ చిత్రములను చూచి నవ్వుట సులభము. కాని కదలని జంతువు తప్ప వేరొకటి ఆ కెమెరాకు పనికిరాదన్న సత్యమును ఆయన గ్రహించెను. 1871లో రిచర్డ్ మాడక్స్ అను వైద్యుడు కనిపెట్టిన జెలటిన్ పొడిపలక, ఆ దశాబ్దము ముగియులోపల మరింత సున్నితమై, సెకనులో చిన్న భాగముననే చిత్రమును పట్టగలిగినది. అప్పటినుండి నిజమైన చరిత్ర మొదలైనది.

ఆ చరిత్రలో మొదట చెప్పదగినవారు ఇంగ్లండులోని యార్క్‌షైరు కొండపల్లెలో పుట్టిన అన్నదమ్ములు, రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్. అన్న 1862లోను, తమ్ముడు 1871లోను జన్మించిరి. చిన్ననాటి ప్రమాదముచే అన్నకు జీవితాంతము కాలు కుంటిదైనది. ఇద్దరును లండనులో ఒక పుస్తక ప్రచురణసంస్థలో ఉద్యోగులు. 1892 ఏప్రిల్‌లో లండను పొరుగున త్రష్ అను పాటపిట్ట గూటిని, అందులోని గ్రుడ్లతో సహా, చెర్రీ తన కెమెరాతో పట్టెను. ఆ ఫొటో చూచి అన్నకొక ఆలోచన తోచెను: పక్షుల గూళ్లను చిత్రకారునిచే గీయింపక, ఉన్నవి ఉన్నచోటనే ఫొటోలు తీసి ఒక గ్రంథము ఏల వేయరాదు? మూడేండ్లు దేశమంతట తిరిగి తీసిన చిత్రములతో 1895లో బ్రిటిషు పక్షుల గూళ్లను గూర్చి వారి గ్రంథము వెలువడెను. ప్రకృతిలో తీసిన ఫొటోలే ఆద్యంతము చిత్రములుగా గల పక్షిగ్రంథములలో అది మొదటిదని చెప్పుదురు.

గూడు కదలదు, గ్రుడ్డు ఎగిరిపోదు. అందుచేత అంతవరకు పని సులభమే. పిట్టను పట్టవలెనన్నప్పుడే ఈ అన్నదమ్ముల బుద్ధి బయటపడెను. పిట్టలు మనుష్యుని ఆకారమునకు బెదరును గాని, మేయుచున్న పశువును లెక్కచేయవని పల్లెటూరివారైన వీరు ఎరుగుదురు. 1900లో ఒక ఎద్దుచర్మమును సంపాదించి, లోన కొయ్యచట్రము నిలిపి, బోలు ఎద్దును తయారుచేయించిరి. మనిషి లోపల నిలుచుండి, కెమెరా కన్నును ఎద్దు రొమ్మునగల రంధ్రమునుండి బయటికి చూచునట్లు పెట్టెను. ఎద్దు గూటి దగ్గర గంటలకొలది నిలుచుండును. పిట్ట కొంతసేపు అనుమానించి, తరువాత తనపనికి తాను పోవును. లోపల నిలుచుండుట మాత్రము శిక్షయే. ఒకనాడు స్కైలార్క్ అను భరతపక్షి గూటికడ లోపలనున్న రిచర్డ్ సొమ్మసిల్లగా, ఎద్దు నాలుగు కాళ్లు ఆకాశమునకు చాచి తలక్రిందులైనది. అన్నను లేపుటకు ముందు తమ్ముడు దానికికూడ ఒక ఫొటో తీసెను! ఎద్దు కాక వారు బోలు చెట్టుమొద్దును, కృత్రిమమైన బండరాతినికూడ ప్రయోగించిరి. మన పల్లెలలో కొక్కెరలను, పూరేళ్లను పట్టువారు మాటు వేసి కూర్చుండెడి విద్యయే ఇది. చేతిలో వల స్థానమున కెమెరా చేరినది, అంతే.

ఇదే కాలమున కెమెరా సామాన్యుని చేతికి వచ్చెను. జార్జి ఈస్ట్‌మన్ 1888లో అమ్మకమునకు పెట్టిన కోడక్ కెమెరా వెల 25 డాలర్లు. 1900లో వచ్చిన అట్టపెట్టెవంటి బ్రౌనీ వెల ఒక్క డాలరు. ఒకే కటకము, ఒకే వేగము. సరిచేయవలసినది ఏదియు లేదు. సూర్యుని వీపువెనుక నుంచుకొని, కెమెరాను పొట్టకు ఆనించి, ఊపిరి బిగబట్టి మీట నొక్కుటయే శాస్త్రము. దగ్గరి వస్తువులకు ఒక చిన్న ఉపాయము ఆనాడే వాడుకలోనుండెను. కెమెరా కంటిముందు మరియొక పలుచని కుంభాకార కటకము తొడిగినచో, మసకబారు 3 మీటర్ల హద్దు లోపలికి జరుగును. ఉదాహరణకు 4 మీటర్ల దూరమునకు కుదిర్చిన కెమెరాకు, ఒక డయాప్టరు సామర్థ్యము గల కటకమును తగిలించినచో, అది 80 సెం.మీ. దూరముననున్న వస్తువును తేటగా చూపును. ఒక డయాప్టరనగా 1 మీటరు నాభ్యంతరము. చత్వారపు కళ్లజోడులో నుండునది ఈ జాతి కటకమే. సీతాకోకచిలుక, తొండ, పట్టుపురుగు మున్నగువానికి ఇంతకు మించిన సాధనము అక్కరలేదు. ఉన్నత పాఠశాలలో చేయించదగిన ప్రయోగము ఇది.

మనదేశమున ఇట్టి పెట్టె కెమెరాల వంశములోనిదే బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3. 1960 తరువాత ఎన్నియో మధ్యతరగతి ఇండ్లలో పెండ్లి ఫొటోలు, తీర్థయాత్ర ఫొటోలు దానితో తీసినవే.

ఎరిక్ హాస్కింగ్ అను ఇంగ్లీషువాడు బాల్యమున ఐదు షిల్లింగుల బ్రౌనీతోనే ఈ విద్యకు ఓనమాలు దిద్దెను. పిమ్మట ఆయన పక్షుల ఛాయాగ్రాహకులలో లోకప్రసిద్ధి పొందెను. అయితే దగ్గరకు పోవుటలోని అపాయమునకు కూడ ఆయన కథయే సాక్ష్యము. 1937లో వేల్సులో, పిల్లలున్న గుడ్లగూబ గూటికెదురుగా కట్టిన మాటులోనికి రాత్రివేళ పోవుచుండగా, తల్లిగూబ చప్పుడు లేకుండ వచ్చి గోళ్లతో కన్ను చీల్చెను. ఎడమ కన్ను తీసివేయవలసి వచ్చినది. కోలుకొన్న వెంటనే ఆయన మరల గూబల ఫొటోలకే పోయెను. 1970లో వెలువడిన తన ఆత్మకథకు పక్షికొరకు ఒక కన్ను అను అర్థము వచ్చునట్లు పేరు పెట్టుకొనెను. ఆయనకు కలిగిన నష్టము అందరికి తెలిసినదే. గూటికి కలుగు నష్టము లెక్కకు రాదు. అడ్డముగా నున్న ఆకులను త్రుంచినచో ఎండ గ్రుడ్లను వేచును, కాకి దారి తెలిసికొనును, తల్లి గూటినే విడిచిపోవచ్చును. ఆ కాలపు మహామహులు గూటికి జేరి చిత్రములు తీయుటను తప్పుగా ఎంచలేదు. నేడు దానిని ఆదర్శముగా గైకొనుట తగదు. మనదేశపు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షుల గూళ్లను, గ్రుడ్లను చెదరగొట్టుటను వేటక్రిందనే జమకట్టినది. చిన్న కెమెరా గలవానికి గూటికంటె నీటిరేవు మేలు. దప్పిక తీర్చుకొనుచున్న పిట్ట ఎటులను ఒక క్షణము నిశ్చలముగా నిలుచును.

పక్షి తానై వచ్చి నిలిచెడి చోటు ముందుగా ఎరిగి, అక్కడ కెమెరాను సిద్ధముగా నుంచుట దీనికి పైమెట్టు. అమెరికాలో జార్జి షైరాస్ ఈ మెట్టెక్కెను. ఈయన పెన్సిల్వేనియాకు చెందిన న్యాయవాది, చిన్ననాటినుండి వేటగాడు. మిచిగన్‌లోని వైట్‌ఫిష్ సరస్సుపై రాత్రివేళ పడవ ముంగిట దీపము పెట్టుకొని జింకలను వేటాడుట అచటి ఆదివాసుల పద్ధతి. వెలుతురునకు జింక బిత్తరపోయి కదలక నిలుచును. దాని కండ్లు చీకటిలో నిప్పుకణికలవలె మెరయును. షైరాస్ ఆ పడవనే, ఆ దీపమునే ఉంచుకొని తుపాకిని మాత్రము దింపి, దాని స్థానమున కెమెరాను, మెగ్నీషియము పొడి మండించు పళ్లెమును పెట్టెను. పిదప పడవకూడ అక్కరలేకుండ, జంతువు కాలికి తగిలెడి సన్నని త్రాటిని కెమెరాకు కట్టి తాను ఇంటికి పోయెడివాడు. జింక తన చిత్రమును తానే తీసికొనును! 1906 జూలైలో నేషనల్ జియోగ్రఫిక్ పత్రిక ఆయన చిత్రములు 74 ప్రకటించెను. పత్రిక బొమ్మల పుస్తకముగా మారుచున్నదని ఆ సంస్థ పాలకవర్గములో ఇద్దరు రాజీనామా చేసిరి. పాఠకులు మాత్రము అట్లు తలపలేదు. అంతకుముందు 1904లో, శాసనసభలో సభ్యుడుగా నుండగా, వలసపక్షుల రక్షణ జాతీయ ప్రభుత్వమునకే చెందవలెనని బిల్లు తెచ్చినదికూడ ఈ షైరాసే.

ఇరువది ఏండ్లలోపల ఆ త్రాడు మన శివాలిక్ అడవులకు చేరెను. సంయుక్త రాష్ట్రములలో అటవీశాఖ అధికారియైన ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ తుపాకివేటను ఏవగించుకొన్నవాడు. పులులు రాత్రివేళ అడవిబాటల వెంబడియే నడచునని అడుగుజాడలనుబట్టి గుర్తించి, బాటకు అడ్డముగా సన్నని తీగ కట్టెడివాడు. 1927లో వెలువడిన ఆయన గ్రంథములో, తమ అడవిలో తాము స్వేచ్ఛగా సంచరించు పులుల చిత్రములు లోకమునకు కనబడెను. మరియొక సంగతి ఆయన ఫొటోలను ఒకదానిప్రక్క నొకటి పెట్టి కనిపెట్టెను: ఏ రెండు పులుల చారలును ఒక తీరున నుండవు. చేతి వ్రేలిముద్రవలె చారలనుబట్టియే పులిని ఇది ఫలానాదని చెప్పవచ్చును. ఈ మాట విలువ లోకమునకు బోధపడుటకు మరి అరువది ఏండ్లు పట్టినది.

ఛాంపియన్ ప్రభావముననే జిమ్ కార్బెట్ తుపాకిని తగ్గించి కెమెరాను పట్టెను. ఆయన పట్టినది చలనచిత్రపు కెమెరా. దాని యంత్రపు రొద పులికి వినబడుటవలన పలుమార్లు నిరాశయే మిగిలెను. చివరకు అడవిలో ఒక చిన్న సెలయేటిని తెచ్చి, దానికి బుల్లి ఆనకట్టలు కట్టి, నీటి గలగలలో యంత్రపు చప్పుడు కలిసిపోవునట్లు చేసెను. 1938లో అట్లు నెలలతరబడి వేచి, ఏడు పులులను పగటివెలుతురున చిత్రించెను. కెమెరా బాగుపడలేదు, నీటికి చప్పుడున్నదని గ్రహించిన చెవి బాగుపడినది.

మద్రాసువాడైన ఎం. కృష్ణన్‌నుకూడ ఇచ్చట తలచుకొనవలెను. 1912లో పుట్టి 1996లో గతించిన ఈ ప్రకృతిశాస్త్రజ్ఞుడు, వేర్వేరు కెమెరాల భాగములను తానే అతికి కూర్చుకొన్న యంత్రమునకు సూపర్ పాండెరోసా అని వేడుకగా పేరిడి, దానితో నలుపు తెలుపు చిత్రములే జీవితాంతము తీసెను. ఖరీదైన యంత్రముపట్ల వ్యామోహమునకు ఇంతకంటె చక్కని మందు దొరకదు.

1977లో కొనికా సంస్థ దూరమును తానే కుదుర్చుకొను చిన్న కెమెరాను విపణికి తెచ్చుటతో, చూపి నొక్కెడి కెమెరాల యుగము మొదలైనది. పెట్టె కెమెరాకు 3 మీటర్ల హద్దుండగా, దీనికి మరియొక తిక్క కలదు: చట్రపు నడుమ ఏది కనబడిన దానికే గురి కుదుర్చుకొనును. పిట్ట ముందు ఒక గడ్డిపోచ ఉన్నచో పోచ తేటపడి పిట్ట మసకగును. తరువాత 1990 దశాబ్దమున ఫిల్ము లేని డిజిటల్ కెమెరాలు వచ్చినప్పుడు ఇంకొక చిక్కు తోడైనది. మీట నొక్కిన పిదప, దూరము కుదుర్చుకొనుటకై కెమెరా కొంత జాగుచేయును. ఆలోపల పిట్ట ఎగిరిపోవును. దీనికి విరుగుడు కెమెరాలోనే కలదు. మీటను సగమువరకు నొక్కి పట్టినచో దూరము ముందుగానే కుదురుకొనును. పిట్ట తల ఎత్తగానే మిగిలిన సగము నొక్కవలెను. తీగ కట్టి కూర్చున్న ఛాంపియన్ చేసినపనియే ఇది. క్షణమునకు ముందే సిద్ధముగానుండుట. డిజిటల్ జూమ్ అనబడు సౌకర్యమును మాత్రము నమ్మరాదు. అది పిట్టను దగ్గరకు తెచ్చుట లేదు. బొమ్మ నడిమి భాగమును కత్తిరించి సాగదీయుచున్నది. కటకము ముందుకు జరిగి నాభ్యంతరము పెరిగెడి జూమ్ వేరు, ఇది వేరు.

1999లో మలేషియాకు చెందిన లారెన్స్ పో అను పక్షిప్రియుడు ఒక చిత్రమైన పనిచేసెను. పక్షులను చూచెడి నేలదుర్భిణి కంటికొసకు తన చిన్న డిజిటల్ కెమెరాను ఆనించి మీట నొక్కెను. కన్ను చూచెడిదే కెమెరాయు చూచినది! పెద్ద కెమెరాలకు ఆ కంటికొసలో కటకము ఇముడదు. చిన్న కటకము గల చవుక కెమెరాకే అది చక్కగా అతుకును. చిన్నతనమే సుగుణమైన సందర్భమిది. నేడు దుర్భిణికి చేతిఫోను ఆనించి పక్షులను చిత్రించువారందరు ఆ దారినే నడచుచున్నారు.

ఇక ఛాంపియన్ త్రాటి సంగతి. 1990 తరువాత కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్, బాటకు రెండుప్రక్కల కంటికి కనబడని పరారుణ కిరణముతో కాపలాయుండు ఆటోమేటిక్ కెమెరాలను నిలిపెను. పులి కిరణమునకు అడ్డుపడగానే ఫ్లాష్ మెరయును. చిత్రములలోని చారలు పోల్చి ఒక్కొక్క పులిని గుర్తించి, గణితపద్ధతిచే వాని సాంద్రతను అంచనా వేసి 1995లో ప్రకటించెను. ఛాంపియన్ చెప్పిన చారల మాటకు అర్థము అప్పుడు పూర్తియైనది.

అట్టి కెమెరాయే తెలుగుగడ్డపై కలివికోడికొరకు మాటువేసినది. రొమ్మున రెండు పట్టెలుగల ఈ పక్షిని మద్రాసు సైన్యపు వైద్యుడు జెర్డాన్ 1848లో శాస్త్రలోకమునకు తెలిపెను. 1900లో అనంతపురము ప్రాంతమున కనబడిన పిమ్మట, ఇది నశించినదనియే అందరును తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె సమీపమున, రాత్రివేళ టార్చి వెలుతురున ఒక స్థానికుడైన పిట్టలవేటగాడు దీనిని పట్టుకొనగా, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు శాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ గుర్తుపట్టెను. లంకమల కొండలక్రింద ముళ్లపొదలలో, చీకటిలో మాత్రమే తిరిగెడి పిట్ట ఇది. మనిషి అలికిడికే మాయమగును. దీనిని ఎక్కడ వెదకవలెను? ఎట్లు లెక్కింపవలెను?

సుమారు 2000వ సంవత్సరమున జగనాథన్ బృందము పొదల నడుమ నేలను బారులుగా చదునుచేసి, మెత్తని మన్ను పరచిరి. తెల్లవారిన పిమ్మట మన్నుపై పడిన అడుగులను కొలిచెడివారు. కాని చితవ మొదలగు ఇతర పక్షుల అడుగులుకూడ కొంతమేర పోలియుండును గదా! అడుగు కలివికోడిదేయని రూఢిచేయుటకు, ఆ మట్టిబారుల ప్రక్కనే ఆటోమేటిక్ కెమెరాలను నిలిపిరి. 2002లో ప్రకటింపబడిన వారి ఫలితములలో మన్నుపై అడుగును, ఫిల్ముపై పిట్టయు ఒకదానికొకటి సాక్ష్యము పలికినవి. ఎవరును చూడని పొదలలో ఆ పక్షి ఉన్నదని, ఫలానాచోట తిరుగుచున్నదని దానివలన తెలిసెను. తరువాత 2005 ప్రాంతమున తెలుగుగంగ కాలువ పని ఆ పొదలలోనికి చొచ్చుకొని వచ్చినప్పుడు, కాలువ దారి మార్చవలెనని వాదించినవారి చేతిలో నున్నవి ఈ అడుగుజాడల కొలతలు, ఈ చిత్రములే. కాలువ దారి మార్చిరి. అభయారణ్యమునకు ఆనుకొనియున్న కొంత భూమినికూడ ప్రభుత్వము పక్షికొరకు సేకరించెను.